త్బిలిసీ నుంచి గోరీ, ఖుర్వలేతి కారు టూర్: నాలుగు స్టార్లు

మా అమ్మాయి జార్జియా దేశ రాజధాని త్బిలిసీలో మెడిసిన్ చదువుతోంది. తనను చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ టూర్ బుక్ చేశాం. గోరీలో స్టాలిన్ మ్యూజియం దగ్గర అంతసేపు ఆపడం అనవసరం, ఒక స్టార్ అందుకే తగ్గించాను. అసలు చూడాల్సింది ఖుర్వలేతి. ఊళ్లోంచే ముళ్లకంచె పోతుంది. అవతల జార్జియా నుంచి విడిపోయి, రష్యా సైన్యం అండతో ఉన్న దక్షిణ ఒసేతియా.

మా గైడు 2008 రష్యా-జార్జియా యుద్ధంలో ఇల్లు వదిలి వచ్చిన ఇంటి పిల్ల. కారు బానెట్ మీద మ్యాపు పరిచి వేలితో గీసి చూపించింది. అజర్‌బైజాన్ రాజధాని బాకూ నుంచి టర్కీలోని జెయ్‌హాన్ దాకా 1,768 కిలోమీటర్ల చమురు పైపు. రష్యా, ఇరాన్‌ల మీదుగా పోకూడదని అమెరికా పట్టుబట్టింది. అజర్‌బైజాన్‌తో కరబాఖ్ ప్రాంతం గొడవ వల్ల అర్మేనియా దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది జార్జియానే! 2015లో ఇక్కడికి దగ్గర్లోనే రష్యా సైనికులు సరిహద్దు బోర్డులు ముందుకు జరిపితే, బాకూ-సుప్సా అనే మరో చమురు పైపులైన్ దాదాపు మైలు మేర అటువైపు పడింది. దాంతోపాటే రైతుల పొలాలు కూడా. అది వింటుంటే కడుపు తరుక్కుపోయింది.

పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. కంచె దగ్గరికి మాత్రం వెళ్లకండి. శాకాహారులకు గోరీలో లోబియో (చిక్కుడు గింజల కూర), వేడి రొట్టె దొరుకుతాయి.