కోర్టుకు వెళ్లడమా, జైలు తెర ముందు కూర్చోవడమా?

చంచల్‌గూడ జైలు నుంచి నాంపల్లి కోర్టుకు వాయిదా అంటే ఎస్కార్ట్ పోలీసులు దొరకాలి, వ్యాన్ కదలాలి. ఎస్కార్ట్ లేకపోతే ఆ రోజు పేషీ పోయినట్టే. జైల్లోనే తెర ముందు కూర్చుని వీడియోలో జడ్జి ముందు హాజరైతే ఆ టెన్షన్ లేదు. రిమాండ్ పొడిగింపు నిమిషాల్లో అయిపోతుంది.

కానీ కోర్టు వరండాలో వకీలుతో రెండు మాటలు చెప్పుకోవచ్చు, అమ్మనో భార్యనో దూరం నుంచైనా చూడొచ్చు. తెర ముందు పక్కనే జైలు సిబ్బంది ఉంటే, ఒంటి మీది దెబ్బల గురించి జడ్జికి ఎవరు చెబుతారు? అందుకే కాబోలు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 187వ సెక్షన్ పోలీసు కస్టడీ ఇవ్వాలంటే నిందితుణ్ని ప్రతిసారీ స్వయంగా హాజరుపరచాలంటుంది. జ్యుడీషియల్ కస్టడీ, అంటే జైల్లో ఉంచే రిమాండ్, పొడిగింపుకైతే వీడియో చాలు. ఉత్త వాయిదాకు వీడియోనే నయం. సాక్షిని విచారించే రోజు మాత్రం, నేనైతే వ్యానే ఎక్కుతాను.