పాత కెర్నల్ తీయడానికి ఏది మేలు: ఆటోరిమూవా, పేరు పెట్టి పర్జా?

కర్నూలు, ఆదోని కాలేజీ ల్యాబుల్లో ఉబుంటు చూసుకునే కుర్రాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే: "అన్నా, /బూట్ నిండిపోయింది, పాత కెర్నల్ ఎట్లా తీయాల?" కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ; దాని ఫైళ్లు ఉండే చోటు /బూట్. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టిన సిస్టమ్‌లో /బూట్ వేరే పార్టిషన్‌గా ఉంటుంది కాబట్టి అక్కడే ఈ తంటా ఎక్కువ.

ఆర్‌ఎం కమాండ్‌తో ఫైళ్లు చెరపడం మాత్రం వద్దు. బూట్ ఇమేజ్ (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్; రూట్ డిస్క్ తెరవడానికి కెర్నల్ మొదట వాడే ఫైలు) చెరిపి కెర్నల్‌ను వదిలేస్తే, బూట్ మెనూలో ఆ కెర్నల్‌ను ఎంచుకున్న రోజు రూట్ డిస్క్ దొరక్క కెర్నల్ పానిక్ వస్తుంది, అంటే సిస్టమ్ అక్కడే ఆగిపోతుంది.

ఇక ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్‌లో ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీలను అదే ఎంచి తీసేది) అయినా, పర్జ్ (మనం పేరు చెప్పిన ప్యాకేజీని సెట్టింగ్స్‌తో సహా తీసేది) అయినా, ప్యాకేజీ పోగానే /ఈటీసీ/కెర్నల్/పోస్ట్‌ఆర్‌ఎం.డి లోని స్క్రిప్టులు నడుస్తాయి. ఆ వెర్షన్ బూట్ ఇమేజ్‌ను చెరిపి, గ్రబ్ మెనూ (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఎంచుకునేది) మళ్లీ రాస్తాయి. అక్కడితో పని అయిపోయినట్టే. అయినా చాలామంది ఎందుకైనా మంచిదని, బూట్ ఇమేజ్‌లు కట్టే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ను అన్ని వెర్షన్లకూ నడిపిస్తారు. నేను గట్టిగా వద్దనేది దీన్నే. నిన్నటిదాకా చక్కగా బూట్ అయిన ఇమేజ్‌లను కూడా అది ఇప్పటి సెట్టింగ్స్‌తో కొత్తగా కడుతుంది. క్రిప్ట్‌ట్యాబ్‌లో (ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కుల జాబితా ఫైలు) ఒక్క తప్పు ఉంటే అన్ని ఇమేజ్‌లలోకీ ఎక్కుతుంది; వెనక్కి వెళ్లడానికి ఉంచుకున్న పాత కెర్నల్ కూడా అప్పుడు అక్కరకు రాదు. తీసేటప్పుడు ఒక ఇమేజ్ పోవాలి, మిగతావి కదలకూడదు.

ఆటోరిమూవ్ సులువే. నడుస్తున్న కెర్నల్‌నూ, కొత్తదాన్నీ ముట్టుకోదు. చేత్తో ఇన్‌స్టాల్ చేసినవాటిని మాత్రం తీయదు. ఏది ఉండాలో నిర్ణయించేది కూడా అదే, మనం కాదు. అందుకే నా మొగ్గు పేరు పెట్టి పర్జ్ చేయడానికే. అందులో ఒక మెలిక ఉంది: లైనక్స్-ఇమేజ్ (కెర్నల్ ప్యాకేజీ) పేరు ఒక్కటే ఇస్తే, దానిమీద ఆధారపడే మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా (అదనపు డ్రైవర్ల ప్యాకేజీ) కోసమని ఆప్ట్ అదే వెర్షన్ అన్‌సైన్డ్ (సంతకం లేని) కెర్నల్ ప్యాకేజీని తెచ్చి పెడుతుంది. లైనక్స్-ఇమేజ్, మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా రెండు పేర్లూ కలిపి ఇవ్వాలి, ఆప్ట్ చూపే జాబితా చదివాకే ఎస్ అనాలి.

/బూట్ పూర్తిగా నిండి, కొత్త కెర్నల్ సగంలో ఆగిపోయి ఉంటే ఆప్ట్ కూడా మొరాయిస్తుంది. అప్పుడు డీపీకేజీతోనే (ఆప్ట్ కింద పనిచేసే టూల్) పాత కెర్నల్‌వి ఆ రెండు పేర్లూ ఇచ్చి పర్జ్ చేసి, తర్వాత ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ నడపాలి.

ఫెడోరా వాళ్లకు ఇంత టెన్షన్ లేదు. మామూలుగా 3 కెర్నల్‌లు ఉంచి పాతది అక్కడి ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ తానే తీస్తుంది.

ఏ దారైనా ముందు యూనేమ్ -ఆర్ కొట్టి, నడుస్తున్న వెర్షన్ ఏదో చూసుకోండి. ఆ వెర్షన్ పేరు పర్జ్‌లో ఇవ్వకండి.