పైపులో సముద్రానికా, జమ్ములోంచి బేకా?

కాలిఫోర్నియా ఉత్తర తీరంలో, హంబోల్ట్ బే (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఆర్కేటా అనే చిన్న ఊరుంది. 1970లలో ఆ ఊరి మురుగునీటికి రెండు దారులు కనిపించాయి.

ఒకటి, చుట్టుపక్కల ఊళ్లకీ కలిపి ఒకే పెద్ద ప్లాంటు. శుద్ధి చేసిన నీటిని పైపుతో సముద్రంలోకి వదిలేస్తారు. బే పాడవుతుందన్న టెన్షన్ ఉండదు. కానీ ఖర్చు భారీ, పైగా పంపులు రోజూ కరెంటు తాగుతాయి.

రెండోది, ఊరి ప్లాంటునే ఉంచుకుని, పక్కనున్న పాత చెత్త డంపు ప్రాంతాన్ని చిత్తడి నేలగా మార్చడం. ఆక్సిడేషన్ చెరువుల్లో నాచు ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది, బ్యాక్టీరియా మలినాన్ని తింటుంది. ఆ నీరు జమ్ము, తుంగ మొక్కల మధ్య నెమ్మదిగా సాగుతుంది. మన చెరువు అంచుల్లో పెరిగేవాటికి ఇవి దగ్గరి చుట్టాలే! వాటి నీడకు నాచు చచ్చిపోతుంది, మడ్డి అడుక్కి దిగుతుంది. మునిగిన కాడలకు పట్టిన జిగురుపొరలో సూక్ష్మజీవులు మిగతా పని చేస్తాయి. బేలోకి వదిలే ముందు క్రిముల్ని చంపడానికి క్లోరిన్ మాత్రం వాడాల్సే వచ్చింది.

ఊరు పోరాడి రెండోదే సాధించుకుంది, 1986లో అది పూర్తయింది. లోపాలూ ఉన్నాయి: స్థలం చాలా కావాలి, సముద్రమట్టం పెరిగితే ముంపు భయం. అయినా స్థలమున్న చిన్న ఊరికి నేను ఇదే చెబుతాను. తమ మురుగు ఏమవుతోందో అక్కడి జనం ఆ గట్ల మీద నడుస్తూ, పక్షుల్ని చూస్తూ కళ్లారా చూసుకుంటున్నారు.