తెల్ బస్తా: కూలిన గుడే, అయినా చూసి తీరాలి

కైరో వెళ్లే మనవాళ్లు పిరమిడ్లు చూసి నేరుగా లక్సర్ వెళ్లిపోతారు. ఒక పూట వీలుంటే జగాజిగ్ వైపు కూడా వెళ్లి రండి. ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్లు. ఆ ఊరి అంచునే ఉంది తెల్ బస్తా, అంటే పాతకాలపు బుబాస్టిస్. దిగువ ఈజిప్టులో, అంటే నైలు డెల్టా వైపు, అప్పటి 18వ పరగణాకి ముఖ్యపట్టణం. పిల్లి రూపంలో కొలిచే బాస్టెట్ దేవత ఊరు.

ముందే చెప్తున్నా, ఇక్కడ నిలబడి ఉన్న గుడి కనిపించదు. ఎర్ర గ్రానైట్ దిమ్మలు, విరిగిన స్తంభాలు, విగ్రహాల ముక్కలు ఆవరణంతా పడి ఉంటాయి. ఓరుగల్లు కోటలో రాళ్ల మధ్య గంటల తరబడి తిరిగేవాళ్లకు మాత్రం పండగే. లక్సర్‌లో మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూసే చెక్కడాలు ఇక్కడ మోకాలి ఎత్తులో ఉంటాయి. ఒక దిమ్మ పక్కన చతికిలబడి చూశాను. పొద్దుటి ఏటవాలు ఎండకి ప్రతి అక్షరం గాడిలోనూ సన్నటి నీడ. అంత గట్టి రాతిలో అంచు ఎక్కడా పెచ్చు లేవకుండా ఎలా చెక్కారో! లేవబుద్ధి కాలేదు.

ఫారో రెండో రామెసెస్ కూతురు మెరిటామున్ భారీ విగ్రహాన్ని ఇక్కడే నిలబెట్టారు. దాని ముందు కాసేపు ఆగండి.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఈ గుడిని చాలా మెచ్చుకున్నాడు. చుట్టూ ఊరు మెరకలో, గుడి పల్లంలో ఉండేదట, ఎటు నుంచి చూసినా కనబడేదట. జాతరకి పడవల్లో ఏడు లక్షల మంది వచ్చేవారని కూడా రాశాడు. లెక్క సంగతి ఎలా ఉన్నా, ఆ మాటలు చదువుకుని వెళ్తే ఖాళీ నేల మీద గుడి మనసులో లేస్తుంది.

నాకు బాధ కలిగించింది ఒక్కటే. 1887 నుంచి స్విస్ పురావస్తు శాస్త్రవేత్త నావీల్ జరిపిన తవ్వకాల్లో బయటపడ్డ, హాథోర్ దేవత ముఖాలున్న స్తంభ శిరస్సులు లండన్‌లో, బోస్టన్‌లో, పారిస్‌లో ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా ఈ నేల మీద ఉండాల్సింది. 1906లో రైలు దారి పనుల్లో ఇక్కడే దొరికిన వెండి కూజా మాత్రం ఈజిప్టులోనే, కైరో మ్యూజియం సొత్తుగా ఉంది. దాని పిడి బంగారు మేక.

నీడ దాదాపు లేదు. టోపీ, నీళ్లు తప్పనిసరి, పొద్దున్నే వెళ్తే టెన్షన్ ఉండదు. చిన్నపిల్లలకు విసుగు రావచ్చు. చరిత్ర తెలిసిన గైడ్‌ని కైరోలోనే మాట్లాడుకోండి. నా రేటింగ్ ఐదుకి నాలుగు.