పాత క్యాంపర్‌కు కొత్త కమాన్లు: మూడేళ్లు నడిపాక

వెనుక కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల దొంతరలు, మార్పించి మూడేళ్లు దాటింది. దగ్గర దగ్గర 38 వేల కిలోమీటర్లు తిరిగాను. రాయాల్సింది కమాన్ల గురించే అయినా, నా కోపమంతా ఆ కట్టలను యాక్సిల్‌కు (ఇరుసుకు) బిగించి పట్టే యూ బోల్టుల మీద ఉంది. అంతకు ముందు చేయించిన రిపేరులో, వాడేసిన యూ బోల్టులనే మళ్లీ బిగించి పంపిన షాపు మీద ఉంది. పక్కనే నిలబడి చూస్తూ కూడా ఒక్క మాట అడగనందుకు నా మీద నాకూ ఉంది.

బండి 2009 మోడల్ బొలెరో క్యాంపర్, ఫోర్ బై ఫోర్. మాది దేవరకొండ దాటాక చందంపేట వైపు. బత్తాయి తోట గుట్ట కింద ఉంటుంది. కాయ ఎత్తుకుపోయే డీసీఎంలు తారు రోడ్డు దాకే వస్తాయి. అక్కడి నుంచి లోపలికి ఒక వాగు, బండరాళ్లు, మిగతాదంతా ఎర్ర దుబ్బ. ఆ దారిలో కాయ మోసేది ఈ బండే. ఎరువు బస్తాలు, డ్రిప్పు పైపులు, సిమెంటు, కూలీలు అన్నీ దీని మీదే. పన్నెండేళ్లు అట్లా మోస్తే ఏ కమాను అయినా కుంగుతుంది. అందులో బండి తప్పేమీ లేదు, మోపిన బరువంతా నాదే.

కుంగిన సంగతి నాకు ఎదురొచ్చే లారీల వల్ల తెలిసింది. రాత్రి సాగర్ రోడ్డులో డిమ్ లైటుతో పోతున్నా డిప్పర్ కొట్టేవాళ్లు. లైట్లు రెండుసార్లు సెట్ చేయించినా అదే గొడవ. వెనుక దిగిపోతే ముందు ముక్కు లేస్తుంది, వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ఆ తర్వాత ఇంట్లో బట్టలు కుట్టే టేపు తీసుకుని చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాను. కుడివైపు ఎడమ కంటే మూడు సెంటీమీటర్లు తక్కువ. మీరూ కొలిస్తే ఇట్లాగే కొలవండి. నేల మీది నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

2021 ఎండాకాలంలో మొదటి రిపేరు చేయించాను. కట్టలు విప్పి, పట్టీలను ఎర్రగా కాల్చి, సుత్తెతో కొట్టి వంపు తెచ్చారు. బకెట్లో నీళ్లు పెట్టుకుని చల్లార్చారు. లారీదేదో పాత పట్టీ కోసి అదనంగా ఒకటి ఎక్కించారు. నల్ల రంగు వేశారు. సాయంత్రానికి బండి వెనుక భాగం దర్జాగా లేచి నిలబడింది. కొత్త జత ఖర్చులో మూడో వంతుకే పని అయిపోయిందని సంబరపడ్డాను. అప్పుడు మా వైపు ముగ్గురికి ఆ షాపు గురించి గొప్పగా చెప్పి పంపాను కూడా. ఆ ముగ్గురికీ ఈ రాత చేరాలని నా కోరిక.

ఆ ఏడు సెప్టెంబరులో కాయ కోతలు నడుస్తున్నాయి. ఆ రోజు అది ఆఖరి ట్రిప్పు, పొద్దు గూట్లో పడుతోంది. వాగు దిగి అవతలి ఒడ్డు ఎక్కడానికి ఫోర్ బై ఫోర్ వేసి యాక్సిలేటర్ తొక్కాను. కింద నుంచి ‘టక్’ అని ఒక్కటే చప్పుడు. రాయి తగిలిందేమో అనుకుని పోనిచ్చాను. ఒడ్డు ఎక్కేసరికి స్టీరింగ్ నా మాట వినడం లేదు, బండి కుడికి గుంజుతోంది. కొద్ది దూరం పోగానే రబ్బరు కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే కుడి వెనుక చక్రం రెండు వేళ్ల మందం ముందుకు జరిగి మడ్‌గార్డుకు రాసుకుంటోంది. టైరు పక్కన నున్నగా గీత పడింది. కిందికి దూరి యూ బోల్టు నట్టు పట్టుకుంటే చేత్తోనే తిరిగింది. ఆ క్షణం నాకు చెమట పట్టింది. ఇదే సాగర్ రోడ్డులో అరవై స్పీడులో జరిగి ఉంటే, వెనుక నలుగురు కూలీలు కూర్చుని ఉంటే?

బావకు ఫోన్ చేశాను. ట్రాక్టర్ వేసుకుని వచ్చి దూరం నుంచే అడిగాడు.

“ఏమైంది బామ్మర్ది? బండి వంకరగ నిలవడ్డది?”

“సెంటర్ బోల్టు తెగింది బావా. యూ బోల్టు నట్లు చేతికే తిరుగుతున్నయి.”

“మొన్ననే గద చేపిచ్చినవ్?”

దానికి నా దగ్గర జవాబు లేదు.

కాయంతా దించాం. ఛాసీ కింద జాకీ పెట్టి లేపాం. యూ బోల్టులు విప్పి, కట్ట మధ్యలో పట్టీలను గుచ్చి పట్టే సెంటర్ బోల్టు తెగిన ముక్కను సుత్తెతో కొట్టి బయటికి తీశాం. యాక్సిల్‌కు గొలుసు కట్టి ట్రాక్టర్‌తో కొంచెం కొంచెం వెనక్కి లాగుతుంటే నేను గడ్డపారతో సర్దాను. ఇక కొత్త బోల్టు కావాలి. ఆ రాత్రి ఆ వాగు ఒడ్డున సెంటర్ బోల్టు ఎక్కడ దొరుకుతుంది? బావ కల్టివేటర్ చెక్కకు ఉన్న బోల్టు ఒకటి ఊడదీసి ఇచ్చాడు. పొడవు సరిపోయింది గానీ తల పెద్దదైంది, యాక్సిల్ గొట్టం (హౌసింగ్) మీది గుంటలో కూర్చోలేదు. ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని ఆకురాయితో ఆ తలను గుండ్రంగా అరగదీశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. పని అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. డీసీఎం ఎప్పుడో వెళ్లిపోయింది. ఆ రోజు కాయ మర్నాడు తక్కువ ధరకు పోయింది.

ఆ రాత్రి నాకు బాగా అర్థమైన సంగతి ఇది. సెంటర్ బోల్టు పని పట్టీలను వరుసలో ఉంచడం, తల గుంటలో కూర్చుని యాక్సిల్‌కు చోటు చూపించడం. అంతవరకే. గుంజుడు, కుదుపు తట్టుకునేది యూ బోల్టుల బిగువు. ఆ బిగువు పోతే భారమంతా వేలెడు లావు కూడా లేని సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. పట్టీలు సరిగ్గా మధ్య రంధ్రం దగ్గరే విరగడానికీ చాలాసార్లు ఇదే కారణం. యూ బోల్టు బిగించినప్పుడు కొద్దిగా సాగి పట్టు ఇస్తుంది. ఒకసారి సాగి మర దెబ్బతిన్నదాన్ని విప్పి మళ్లీ ఎంత బిగించినా మునుపటి పట్టు రాదు. కొత్త బోల్టుల ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్న వంతు. ఆ చిన్న వంతు మిగిల్చడానికి మనుషుల ప్రాణాల మీదికి తేవడమేంటన్నదే నా బాధ.

వారం తర్వాత మిర్యాలగూడ వైపు ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పోయాను. కట్ట విప్పగానే లారీ పట్టీని పక్కకు తీసి చూపించాడు. దాని వంపు వేరు, మిగతా పట్టీల వంపు వేరు. అది అంచుల దగ్గర మాత్రమే తగులుతూ పైపట్టీని ఒకేచోట నొక్కింది, అక్కడ మెరిసే గాడి పడింది. కాల్చిన పట్టీల్లో ఒకదానికి వెంట్రుకంత పగులు ఉంది. “నాగలి కర్రుకు పదును పెట్టినట్టు కాదు బిడ్డా కమాను” అన్నాడు. కమాన్లకు వాడేది మామూలుగా సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కు. ఎర్రగా కాల్చాక నూనెలో చల్లార్చి, తర్వాత తక్కువ వేడి మీద మళ్లీ కాచి పదును సరిచేయాలి. నీళ్లలో ముంచితే పెళుసెక్కి పగులుతుంది, ఊరికే చల్లారనిస్తే మెత్తబడి మళ్లీ కుంగుతుంది. నా కుడి కట్ట నాలుగు నెలలకే ఒకటిన్నర సెంటీమీటరు దిగింది.

ఆయన దగ్గర రెండు వైపులా కొత్త కట్టలు వేయించాను. బరువు మోసే బండి కాబట్టి ఒక పట్టీ ఎక్కువున్న కట్ట అడిగాను. యూ బోల్టులు, నట్లు, సెంటర్ బోల్టులు, కట్ట చివరి కన్నాల్లో ఉండే రబ్బరు బుష్‌లు అన్నీ కొత్తవి. బండి జాకీ మీద ఉన్నప్పుడు, కట్ట చివరను ఛాసీకి కలిపే షాకిల్ బోల్టులు ఊరికే పట్టించి వదిలాడు. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే పూర్తిగా బిగించాడు. గాలిలో బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుందట. 500 కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాడు. పోయాను. పానా పెడితే ఒక్కో యూ బోల్టు నట్టు ఇంకా పావు చుట్టు తిరిగింది. కొత్త బోల్టులే అంత వదులైతే, మొదటి షాపులో పాతవి బిగించి, మళ్లీ రమ్మని కూడా చెప్పకపోవడాన్ని నేను ఎట్లా క్షమించాలి?

ఇప్పుడు మూడేళ్ల సంగతి. మొదటి రెండు నెలల్లో ఎత్తు ఒక సెంటీమీటరు సర్దుకుంది, అక్కడే ఆగింది. పోయిన నెల కొలిచాను, రెండు వైపులా సమానం. కాయ నిండా వేసినా కట్ట వంపు తిరగబడటం లేదు. లారీలు డిప్పర్ కొట్టడం మానాయి.

అయితే కొత్తలో నేను చెప్పుకున్నంత హాయి మాత్రం లేదు. అదనపు పట్టీ వల్ల ఖాళీ బండి గట్టిగా ఎగురుతుంది. అమ్మను దేవరకొండ ఆస్పత్రికి తీసుకెళ్తే ముందు సీట్లో కూర్చుని కూడా నడుము పట్టుకునేది. ఇప్పుడు ఆమె ఎక్కిన రోజు వెనుక నాలుగు ఇసుక బస్తాలు వేస్తున్నాను. అప్పుడు కొంత నయం.

ఇంకోటి బ్రేకులు. నా బండికి వెనుక యాక్సిల్ నుంచి కడ్డీతో కలిపిన బ్రేకు వాల్వు ఉంది, ఎల్‌ఎస్‌పీవీ అంటారు. వెనుక ఎంత కుంగిందో చూసి లోడు అంచనా వేసి వెనుక బ్రేకులకు ప్రెజర్ పంపుతుంది. కమాన్లతో వెనుక లేచేసరికి అది బండి ఖాళీగా ఉందనుకుని ప్రెజర్ తగ్గించింది. లోడుతో బ్రేకు తొక్కితే ముందు భాగం బాగా వంగేది, ఆగడానికి ఎక్కువ దూరం పట్టేది. మూడు నెలలు అది బ్రేకు ప్యాడ్ల లోపమని తిరిగాను. చివరికి ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సెట్ చేయిస్తే కుదిరింది. కమాన్లు మార్చిన రోజే ఇది అడిగి చేయించుకోండి.

పట్టీల మీద కాలిన ఆయిల్ పోసే అలవాటు మానేశాను. మా ఎర్ర దుబ్బ దానికి అంటుకుని పట్టీల మధ్య ఆకురాయిలా పనిచేస్తుంది, రబ్బరు బుష్‌లు కూడా ఉబ్బుతాయి. వానల తర్వాత నీళ్లతో కడిగి వదిలేస్తున్నాను. కొంచెం కిర్రుమంటుంది, ఫర్వాలేదు.

అందరికీ నా కట్టే సరిపోతుందని అనను. ఏడాదిలో సగం రోజులు బరువుతో, రాళ్లలో తిరిగే బండి నాది. ఇంటిల్లిపాదీ శ్రీశైలమో సాగరో పోయి వచ్చే బండైతే ఎక్కువ పట్టీ వద్దు, బండితో వచ్చినన్ని పట్టీల కట్ట చాలు. పదును పెట్టే ఏర్పాటు సరిగ్గా ఉన్నచోట పాత కట్టకు వంపు పెట్టించినా నిలబడవచ్చు, నాకు ఆ అనుభవం లేదు. ఏది చేయించినా యూ బోల్టులు మాత్రం కొత్తవి కొనండి. పాతవి విప్పాక ఇంటికి తెచ్చుకోండి, అప్పుడు వాటిని మళ్లీ బిగించే వీలుండదు. నావి రెండు ఇంకా షెడ్డులో మేకుకు వేలాడుతున్నాయి.

ఈ మధ్య ఎడమ షాకిల్ దగ్గర గతుకుల్లో సన్నగా టకటకమంటోంది. బుష్ అరిగినట్టుంది. దసరా అయ్యాక మేస్త్రీ దగ్గరికి పోయి అది మార్పిస్తాను, నట్లు కూడా ఇంకోసారి చూపిస్తాను.