చుట్టాలొస్తే పక్క ఎక్కడ వేద్దాం? సోఫా కమ్ బెడ్డా, దివానా, మడత మంచమా?

సంక్రాంతికి ముందు ఒకసారి, ఎండాకాలం పెళ్లిళ్లప్పుడు ఇంకోసారి నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. "మాది టూ బీహెచ్‌కే. ఇంకో మంచం పట్టదు. ఊరి నుంచి అమ్మావాళ్లు వస్తున్నారు. సోఫా కమ్ బెడ్ కొనమంటారా, దివాన్ చేయించమంటారా?" ఈ ఏడాది మా ఇంట్లోనే సోఫా కమ్ బెడ్ తీసేసి మడత మంచం కొన్నాం కాబట్టి ఇప్పుడు వివరంగా చెప్పగలను.

మాది నిజాంపేటలో 980 చదరపు అడుగుల ఫ్లాటు. హాలు 11 అడుగులకు 16. వచ్చేవాళ్లు రకరకాలు. పెళ్లికొచ్చి రెండు రోజులుండేవాళ్లు, నిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చేవాళ్లు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ కోసం వచ్చే పిల్లలు. ఇరవై ఏళ్ల పిల్లలకు చాప పరిచి దిండిచ్చినా ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. వాళ్ల కోసం ఇంత ఆలోచన అక్కర్లేదు. అరవై దాటినవాళ్లు వస్తేనే ఏ మంచమన్నది ప్రశ్న అవుతుంది. అప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది మంచం ఎత్తు. రంగు, ధర, పగలు ఎలా కనిపిస్తుందన్నవి ఆ తరవాతే.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. మా అత్తయ్యది సామర్లకోట. రెండు మోకాళ్లూ అరిగాయి. కిందటేడు వచ్చినప్పుడు హాల్లో సోఫా కమ్ బెడ్ తెరిచి పక్క వేశాం. మెత్తగా ఉంది, దుప్పటి కొత్తది, ఫ్యాను నెత్తిమీదే. "హాయిగా పట్టిందమ్మా నిద్ర" అన్నారు మూడు రోజులూ. నాలుగో రోజు నేను పెందలాడే లేచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి సోఫా పక్కన ఉంది. దాని వీపు గోడకు ఆనించి ఉంది. రాత్రి బాత్రూముకు లేవాల్సి వస్తే ముందు పక్కకు దొర్లి, కుర్చీ మీద రెండు చేతులూ ఆన్చి, దాని ఊతంతో పైకి లేస్తున్నారట. పడుకునే ముందు ఎవరూ చూడకుండా తెచ్చిపెట్టుకుని, తెల్లారేలోపు మళ్లీ దాని చోట పెట్టేస్తున్నారు. ఆ రోజు కాస్త ఆలస్యమై నాకు దొరికిపోయారు. గట్టిగా అడిగితే ఇంకో సంగతి బయటపడింది. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్లు తాగడం మానేశారు. షుగరుకు మాత్రలు వేసుకునే మనిషి!

ఆ పొద్దున టేపు పెట్టి కొలిచాను. తెరిచిన సోఫా నేల నుంచి 11 అంగుళాలు. అత్తయ్య కూర్చుంటే మోకాలి వెనక మడత నుంచి అరికాలి దాకా 16. ఆ 5 అంగుళాల తేడా మోకాళ్ల మీద పడుతోంది. కూర్చున్న చోటు మోకాలి కన్నా కిందికి పోయేకొద్దీ లేవడానికి మోకాలి మీద బరువు పెరుగుతుంది. మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లను కింద కూర్చోవద్దని, పల్లపు కుర్చీలు వద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కాబట్టి కొనే ముందు వచ్చే మనిషిని తలుచుకోండి. వీలైతే మోకాలి ఎత్తు కొలవండి. పరుపు మీద మనిషి కూర్చున్నాక అది దిగే అంగుళం పోను, ఆ ఎత్తుకు సమానంగానో ఒక అంగుళం ఎక్కువగానో ఉండాలి. మన ఇళ్లలో పెద్దావిడలకు చాలామందికి అది 16, 17 దగ్గర తేలుతుంది.

ఎత్తు మరీ ఎక్కువైనా ఇబ్బందే. ఇప్పటి పెట్టె మంచాల మీద 8 అంగుళాల పరుపు వేస్తే 22, 24 దాకా పోతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు కాళ్లు నేలకు అందవు. "మా గదిలో మీరు పడుకోండి" అని మనం మంచం ఇచ్చేసినా వాళ్లు ఒప్పుకోకపోవడానికి మొహమాటం ఒక్కటే కాదు, ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు సోఫా కమ్ బెడ్ సంగతి. దాన్ని పూర్తిగా తీసిపారేయను. పగలు నలుగురు కూర్చుంటారు, రాత్రి ఇద్దరు పడుకుంటారు. వయసులో ఉన్న భార్యాభర్తలు వస్తే దాన్ని మించింది లేదు. చెక్క ఫ్రేముతో 16 అంగుళాల ఎత్తు వచ్చేవీ ఉన్నాయి, వెతికి కొనాలి. నేలకు పరుచుకునే ఫోము రకాలు మాత్రం పెద్దవాళ్లకు వద్దు. ఇంకో చిక్కు కొన్నాళ్లకు గానీ తెలియదు. రోజూ మనం కూర్చునే భాగం దిగబడుతుంది, మిగతాది గట్టిగా ఉంటుంది. తెరిచి పడుకుంటే ఆ రెంటి మధ్య అతుకు సరిగ్గా నడుము కింద మెట్టులా తగులుతుంది. పైగా అది హాల్లోంచి కదలదు. ఇంట్లో టీవీ కట్టేసేదాకా అతిథి పడుకోలేడు, పొద్దున్నే పాలవాడు బెల్లు కొట్టేసరికి లేచి పక్క ఎత్తాలి. ఆడవాళ్లకు అది మరీ ఇబ్బంది.

దివాన్ అంతకన్నా నయం. 16, 17 అంగుళాల ఎత్తుకు వడ్రంగి చేత చేయించుకోవచ్చు, పరుపు ఒకే ముక్క, కింద పెట్టెలో దుప్పట్లు, బొంతలు దాచుకోవచ్చు. హాల్లో ఓ గోడ ఖాళీగా ఉండి, నెలకొకసారైనా ఎవరో ఒకరు వచ్చే ఇల్లయితే దివానే చేయించుకోండి. కానీ రెండు విషయాలు. ఆరడుగులకు మూడడుగుల దివాన్ 18 చదరపు అడుగులు ఏడాది పొడుగునా తినేస్తుంది. మా హాల్లో అది దాదాపు పదో వంతు. రెండోది, చాలామంది గమనించనిది. మనం కూర్చున్న చోటు నుంచి లేచేటప్పుడు మడమలు కాస్త వెనక్కి జరుపుతాం. జరపకపోతే బరువు ముందుకు రాదు, లేవలేం. నేల దాకా చెక్క కొట్టిన పెట్టె దివాన్‌లో మడమ వెనక్కి పోవడానికి చోటే ఉండదు. మా పిన్నిగారింట్లో ఎత్తు సరిగ్గానే ఉన్నా ఆవిడ లేవడానికి అవస్థ పడుతుంటే, కారణం ఇదని తర్వాత అర్థమైంది. చేయిస్తే ముందువైపు కింద నాలుగంగుళాలు లోపలికి జరిపి కొట్టమని వడ్రంగికి చెప్పండి.

మేం చివరికి తెచ్చుకున్నది మడత మంచం. ఇనప గొట్టాలది, మధ్యకు మడిచేది, ఆరడుగులకు మూడడుగులు. కొట్లో కొలిస్తే 14 అంగుళాలుంది. పైన 3 అంగుళాల గట్టి పరుపు వేస్తే 17. అత్తయ్య కూర్చుంటే 16కు దిగింది. కింద అంతా ఖాళీ కాబట్టి మడమ వెనక్కి పోతుంది. మడిస్తే పిల్లల గదిలో తలుపు వెనక నిలబడుతుంది. కొనే ముందు ఆ జాగా కూడా కొలుచుకోండి, తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.

నన్ను దీనివైపు మొగ్గేలా చేసిన రెండో సంగతి, ఇది ఏ గదికైనా వెళ్తుంది. అత్తయ్య గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున లింగంపల్లిలో దిగుతారు. ఇంటికి రాగానే కాసేపు నడుం వాల్చాలి. హాల్లో ఆ వేళకు మావాళ్ల ఆఫీసు హడావిడి, పనమ్మాయి, కూరలవాడు. పిల్లలు స్కూలుకు వెళ్లగానే వాళ్ల గదిలో మంచం వేసి, తలుపు దగ్గరికి వేస్తే మధ్యాహ్నం దాకా లేపాల్సిన పని లేదు. తల ఉత్తరానికి రాకుండా మంచం ఎటైనా తిప్పుకోవచ్చు. మన పెద్దవాళ్లకు ఆ పట్టింపు ఉంటుంది, మనసులో అది పెట్టుకుని పడుకుంటే నిద్ర పట్టదు. గొడుగులా తెరుచుకునే దోమతెర దీని మీద చక్కగా సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. నవారు రకాల్లో మధ్యలో జారిపోతుంది. జారితే ఎత్తు తగ్గుతుంది, లేచేటప్పుడు అంచు గొట్టం తొడ కింద ఒత్తుకుంటుంది. ఊళ్లో నులక మంచమైతే కాళ్లవైపు తాడు లాగి బిగించేవాళ్లు. ఈ నైలాన్ నవారును ఇంట్లో బిగించడం కష్టం. అందుకే నేను పైన ప్లైవుడ్ ఉన్నదే తీసుకున్నాను. బరువెక్కువ, కానీ జారదు. కొట్లో మంచం మధ్యలోనే కాదు, తలవైపు చివర కూడా కూర్చుని చూడండి. కోళ్లు బాగా లోపలికి ఉన్న మంచాలు చివర కూర్చుంటే అటు చివర లేస్తాయి. పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదముంది. మేం మొదట చూసిన మంచం అలా లేచింది, వద్దనేశాం. కాళ్లకు రబ్బరు తొడుగులుండాలి, లేకపోతే టైల్స్ మీద జారుతుంది, గీతలు పడతాయి. కిర్రుమంటే కీళ్ల దగ్గర రెండు చుక్కలు మిషన్ నూనె వేస్తే చాలు. బాల్కనీలో మాత్రం పెట్టొద్దు, ఎండకు నైలాన్ పెళుసవుతుంది, వానకు గొట్టాలు తుప్పు పడతాయి.

మూడు మడతల పరుపు ఒకటి ఎలాగూ ఉండాలి, వయసులో ఉన్నవాళ్ల కోసం. 4 అంగుళాలది మడిస్తే రెండడుగుల వెడల్పులో అడుగు ఎత్తు దొంతర అవుతుంది. అటక మీద కాకుండా చేతికందేచోట పెట్టండి. స్టూలేసుకుని అటకెక్కుతుంటే "ఎందుకమ్మా శ్రమ, చాప చాల్లే" అనేస్తారు. నేల మీద వేసిన పరుపును రోజూ ఎత్తి నిలబెట్టాలి, లేకపోతే అడుగున చెమ్మ చేరి బూజు పడుతుంది.

గాలి పరుపు ఒకటి రెండు రాత్రులకు పరవాలేదు, చిన్న చిల్లు పడితే తెల్లారేసరికి నేల మీదుంటారు. మంచం కింద నుంచి లాగే మంచాలు పిల్లలకే, మరీ పల్లం. గోడలోకి మడిచే మంచం సొంత ఇల్లున్నవాళ్లు ఆలోచించుకోవచ్చు, అద్దె ఇంట్లో గోడకు బోల్టులు కొట్టనివ్వరు.

ఇద్దరు పెద్దవాళ్లు ఒకేసారి వస్తే ఎలా అని మొన్న ఒకావిడ అడిగారు. మావయ్య కూడా వచ్చినప్పుడు మేం చేసేది చెబుతాను. ఆయన పొడగరి, మా మంచం ఎత్తు ఆయనకు సరిపోతుంది. ఆయనకు మా మంచం, దాని పక్కనే అత్తయ్యకు మడత మంచం. మేమిద్దరం హాల్లో పరుపు మీద. అత్తయ్య తలాపున స్టూలు మీద నీళ్ల చెంబు, బాత్రూము దారిలో చిన్న లైటు పెడతాను. ఈ దసరాకు వచ్చి వారం ఉన్నారు. డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలు నాలుగూ పొద్దున వాటి చోటే ఉన్నాయి, చెంబులో నీళ్లు రోజూ అయిపోతూనే ఉన్నాయి.