ఫ్రీ జాజ్ వినాలంటే ముందు ఏది: ఐలరా, బ్రోట్జ్‌మనా, బెయిలీ బృందమా?

ఫ్రీ జాజ్ అంటే తాళం, బాణీ లాంటి కట్టుబాట్లు వదిలేసి వాయించే జాజ్. అది ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే తెలిసినవాళ్లు ఓ పాతిక రికార్డుల పేర్లు చెప్పేస్తారు. అన్ని అక్కర్లేదు, మూడు చాలు. మూడూ పెద్ద కంపెనీల గడప తొక్కకుండా బయటికొచ్చినవే. అయితే మూడూ ఒకేలా ఉండవు, ఏది ముందు వింటారన్నదాన్ని బట్టి ఈ సంగీతం మీకు దగ్గరవడమో, జన్మలో మళ్లీ ముట్టుకోకపోవడమో జరుగుతుంది.

ఆల్బర్ట్ ఐలర్ ‘స్పిరిచువల్ యూనిటీ’ 1964 జూలై 10న న్యూయార్క్‌లో రికార్డయింది. శాక్సఫోన్ ఐలర్, బేస్ గారీ పీకాక్, డ్రమ్స్ సన్నీ మర్రే. అంతే, ముగ్గురు. మొత్తం కలిపి అరగంట కూడా ఉండదు. దీన్ని వేసిన ఈఎస్‌పీ డిస్క్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) యజమాని బెర్నార్డ్ స్టోల్‌మన్ అసలు లాయరు. అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవడానికని తయారుచేసిన ఎస్పెరాంటో భాషంటే ఆయనకు ఎంత పిచ్చంటే, లేబుల్ మొదటి రికార్డు జాజ్ కాదు, ఆ భాషలో పాటలూ కవితలూ! మీరు ఏం వినాలో కళాకారులే నిర్ణయిస్తారని అట్టల మీద అచ్చు వేయించాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. డబ్బు విషయంలో మాత్రం తమకు రావాల్సింది రాలేదని తర్వాత చాలామంది వాద్యకారులు వాపోయారు.

‘స్పిరిచువల్ యూనిటీ’లో ‘గోస్ట్స్’ అనే ట్యూన్ రెండుసార్లు వస్తుంది, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. పల్లవి పిల్లలు కూడా కూనిరాగం తీయగలిగేంత సులువు. ఐలర్ దాన్ని వణికే గొంతుతో ఎత్తుకుంటాడు, కాసేపటికి అదే పల్లవిని కేకలుగా, బొంగురు మూలుగులుగా చీల్చేస్తాడు. మర్రే తాళం వేయడు, డ్రమ్స్‌లోని సింబల్ అనే లోహపు పళ్లెం మీద ఆగకుండా జల్లులా కురిపిస్తుంటాడు. ఎంత దూరం పోయినా ఆ పల్లవి మళ్లీ తిరిగొస్తుందన్న భరోసా ఉంటుంది. కొత్తవాళ్లకు కావాల్సింది అదే.

పీటర్ బ్రోట్జ్‌మన్ ‘మెషిన్ గన్’లో ఆ భరోసా వెతుక్కోవాలి. 1968 మేలో జర్మనీలోని బ్రెమెన్‌లో, లీలా ఓయిలె అనే క్లబ్బులో ఎనిమిది మంది చేరి వాయించారు: మూడు శాక్సఫోన్లు, ఒక పియానో, రెండు బేసులు, ఇద్దరు డ్రమ్మర్లు. బ్రోట్జ్‌మన్ చిత్రకారుడు కూడా. రికార్డు సొంతంగానే వేసుకున్నాడు, మొదటి విడత 300 కాపీలు. మొదటి క్షణం నుంచే శాక్సఫోన్లు పేరుకు తగ్గట్టు పేలుతాయి. ఉత్త గోలేమో అనిపిస్తుంది గానీ అందరూ ఒక్కసారిగా కలిసే చోట్లు ముందే అనుకున్నవి. చాలామంది ముందు దీన్నే చేతిలో పెడతారు. నాకైతే అది భోజనానికి పిలిచి ముందు పచ్చిమిరపకాయ నమిలించడంలా ఉంటుంది. రాక్, మెటల్ అలవాటున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు నిర్భయంగా ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

ఇక ‘టోపోగ్రఫీ ఆఫ్ ద లంగ్స్’. గిటారిస్టు డెరెక్ బెయిలీ, శాక్సఫోనిస్టు ఎవన్ పార్కర్, డ్రమ్మర్ హాన్ బెనింక్ 1970లో లండన్‌లో చేశారు. పార్కర్, బెనింక్ ఇద్దరూ ‘మెషిన్ గన్’లో ఉన్నవాళ్లే, అయినా రెండేళ్లకే లోకం మారిపోయింది. ఇక్కడ పల్లవి లేదు, ముందుగా అనుకున్న ముక్కా లేదు. కచేరీల్లో మనోధర్మం మనకు కొత్త కాదు గానీ దాని అడుగున రాగం, తాళం ఉంటాయి. వీళ్లు ఆ రెండూ తీసి పక్కన పెట్టారు. బెయిలీ గిటారు మీద తీగ టక్కున తెగినట్టు ఒక చప్పుడు, దాని వెనకే గాజు గీరినట్టు మరొకటి. పార్కర్ దానికి బదులిస్తాడో, అడ్డుపడతాడో చెప్పలేం. అప్పటికప్పుడు పుట్టే సంగీతమంటే ఏమిటో చూపించడంలో మూడింటిలో ఇదే గొప్పది. మొదట వినకూడనిదీ ఇదే.

ఈ రికార్డు వేసిన ఇన్‌కస్ లేబుల్ బెయిలీ, పార్కర్, డ్రమ్మర్ టోనీ ఆక్స్‌లీ కలిసి పెట్టుకున్నది. వాద్యకారుల చేతిలోనే లేబుల్ ఉంటే అన్నీ బాగుంటాయనుకుంటాం. కానీ 1980లలో బెయిలీకీ పార్కర్‌కీ చెడింది, పార్కర్ బయటికొచ్చేశాడు. రికార్డు చాలా ఏళ్లు దొరకలేదు. 2005 డిసెంబరులో బెయిలీ పోయాక, 2006లో పార్కర్ తన సొంత లేబుల్ సై మీద మళ్లీ తెచ్చాడు. వాయించినవాళ్లకు స్వేచ్ఛే గానీ, మధ్యలో శ్రోతకు ఎదురుచూపులు మిగిలాయి.

నా ఓటు ఐలర్‌కే. ఫోన్ స్పీకర్లో కాకుండా హెడ్‌ఫోన్లో, ‘గోస్ట్స్’ రెండు వెర్షన్లూ వెంటవెంటనే వినండి. అక్కడ చెవి నిలిస్తే ‘మెషిన్ గన్’కి, కొన్నాళ్లాగి ‘టోపోగ్రఫీ’కి వెళ్లండి. నిలవకపోతే మిగతా రెండింటి మీద డబ్బులు పెట్టొద్దు.